స్కేటింగ్ రింక్ గుమ్మం ముందు



ఈ సంచికకు పాఠం లాంటి వ్యాసం ఒకటి రాయమన్నప్పుడు మాకు మొదట గుర్తుకొచ్చింది ఒక ఇనుప కంచె. మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆదివారం బట్టలు ఉతికి ఆరేసుకున్నాక స్టేడియం వైపు నడిచి వెళ్ళేవాళ్ళం. అక్కడ నున్నటి సిమెంటు గచ్చు మీద కొందరు పిల్లలు కాళ్ళకు చక్రాల బూట్లు కట్టుకొని గుండ్రంగా తిరుగుతుండేవారు. మన ఊళ్ళలో చాలామంది దాన్ని స్కేటింగ్ రింగ్ అంటారు, అసలు పేరు రింక్. మేము కంచె బయట నిలబడి చూసేవాళ్ళం. ఒకసారి మాలో ఒకడు "ఆ బూట్లు ఎంతుంటాయిరా?" అని అడిగాడు. ఇంకొకడు "ఎంతుంటే నీకెందుకురా, అది మనాట కాదు" అన్నాడు. అందరం నవ్వుకొని వెనక్కి వచ్చేశాం.

ఆ రోజు మమ్మల్ని ఎవరూ ఆపలేదు. గేటు దగ్గర బోర్డు కూడా లేదు. అయినా మేము లోపలికి వెళ్ళలేదు. పీజీలో చేరాక యూనివర్సిటీ లైబ్రరీలో అమెరికా నల్లజాతి ప్రజల ఉద్యమ చరిత్ర చదువుతుంటే, ఒక స్కేటింగ్ రింక్ గుమ్మం ముందు జరిగిన పోరాటం మా కంటబడింది. ఆ రింక్ ఇప్పుడు లేదు. దాని కథ మాత్రం మన హాస్టల్ పిల్లలందరూ తెలుసుకోదగినది.

చక్రాల బూటు పుట్టుక

చలి దేశాలలో శీతాకాలం చెరువులు గడ్డకడితే, బూట్ల కింద ఇనుప పట్టీ బిగించుకొని మంచు మీద జారడం పాత ఆట. మంచు లేనప్పుడు కూడా అలా జారాలన్న కోరికతో చక్రాల బూట్లు పుట్టాయి. బెల్జియం ప్రాంతంలో పుట్టి 1760లో లండన్ చేరిన జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్ర నిపుణుడు చక్రాల బూట్లు వేసుకొని ఒక విందుకు వెళ్ళాడనీ, వయొలిన్ వాయిస్తూ తిరుగుతూ ఆగడం చేతగాక పెద్ద అద్దాన్ని గుద్దుకున్నాడనీ చెబుతారు. అప్పటి బూట్లతో చిక్కు అదే. తిన్నగా పోవచ్చు గానీ మలుపు తిరగడం కష్టం.

ఈ చిక్కును విప్పినవాడు న్యూయార్క్‌కు చెందిన జేమ్స్ లెనర్డ్ ప్లింప్టన్. 1863లో ఆయన నాలుగు చక్రాల స్కేటుకు పేటెంటు తీసుకున్నాడు. ముందు రెండు, వెనక రెండు చక్రాలు పెట్టి, ఇరుసులకూ బూటు పలకకూ మధ్య రబ్బరు దిండ్లు అమర్చాడు. మనిషి ఏ పక్కకు ఒరిగితే ఇరుసు ఆ పక్కకు తిరుగుతుంది. సైకిల్ మీద మలుపు దగ్గర ఒంటిని కొంచెం వంచుతాం కదా, అలాంటిదే. 1884లో లెవంట్ రిచర్డ్‌సన్ స్కేటు చక్రాలలో ఉక్కు బాల్ బేరింగులు వాడటానికి పేటెంటు పొందాడు. దానితో చక్రం తేలికగా తిరగసాగింది, వేగం పెరిగింది.

ప్లింప్టన్ 1866లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్ పట్టణంలో ఒక హోటల్ హాలును రింక్‌గా మార్చాడు. న్యూపోర్ట్ ధనవంతుల వేసవి విడిది. ఇది పెద్దమనుషుల ఆటగా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. అంటే రింక్‌తో పాటే దాని గుమ్మం దగ్గర ఎవరు లోపల, ఎవరు బయట అన్న లెక్క కూడా మొదలైందన్నమాట. తర్వాత స్కేట్లు చవకయ్యాయి. చిన్న పట్టణాలకు కూడా రింక్‌లు వచ్చాయి. చెక్క నేల, వాద్య సంగీతం, అద్దెకు స్కేట్లు, శనివారం రాత్రి కుర్రకారు సందడి, ఇదీ అమెరికా పట్టణాల్లో రింక్ రూపం.

వైట్ సిటీ

చికాగో నగరం దక్షిణ భాగంలో 63వ వీధి, సౌత్ పార్క్ అవెన్యూ కలిసే చోట 1905 మే నెలలో వైట్ సిటీ అనే వినోదాల పార్కు తెరిచారు. తెల్ల రంగు వేసిన కట్టడాలు, వాటిని వెలిగించే వేల విద్యుద్దీపాలు ఉండటం వల్ల ఆ పేరు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనను కూడా తెల్ల కట్టడాల వల్ల వైట్ సిటీ అనే పిలిచేవారు. వివేకానందుడు ప్రసంగించిన సర్వమత సభ జరిగింది ఆ ప్రదర్శన సందర్భంలోనే. పార్కు వారు ఆ పేరునే వాడుకున్నారు.

తర్వాతి కాలంలో అగ్ని ప్రమాదాలు, ఆ పైన 1930ల ఆర్థిక మాంద్యం పార్కును దెబ్బతీశాయి. ఒక్కొక్కటిగా ఆటలన్నీ మూతపడ్డాయి. మిగిలి నడిచిన వాటిలో ముఖ్యమైనది స్కేటింగ్ రింక్.

ఈలోగా పార్కు చుట్టూ ఉన్న నగరం మారిపోయింది. దక్షిణాది రాష్ట్రాలలో పత్తి చేలల్లో కౌలుకు చేస్తూ అప్పుల్లో కూరుకుపోయిన నల్లవారు లక్షలాదిగా ఉత్తరాది నగరాలకు తరలివచ్చారు. చరిత్రకారులు దీన్ని మహా వలస అంటారు. చికాగోలో నల్లవారి సంఖ్య 1910లో సుమారు 44 వేలు, 1940 నాటికి సుమారు 2 లక్షల 78 వేలు. వారికి కొన్ని వీధుల్లోనే ఇళ్ళు దొరికేవి. నల్లవారికి ఇల్లు అమ్మబోమని తెల్ల యజమానులు దస్తావేజులు రాసుకునేవారు. ఆ ఒప్పందం అమల్లో ఉన్న వాషింగ్టన్ పార్క్ ప్రాంతంలో కార్ల్ హాన్స్‌బెరీ అనే నల్లజాతీయుడు ఇల్లు కొని సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. 1940లో తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది. ఆ ప్రాంతం వైట్ సిటీకి ఆనుకొనే ఉంది.

అలా చుట్టుపక్కల నల్లవారి ఇళ్ళు పెరిగాయి. రింక్‌లోకి మాత్రం నల్లవారికి ప్రవేశం లేదు.

చట్టం ఉంది, ప్రవేశం లేదు

ఇక్కడ ఒక విషయం బాగా గమనించాలి. దక్షిణాది రాష్ట్రాలలో నల్లవారిని వేరుగా ఉంచాలని చట్టాలే ఉండేవి. చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో పరిస్థితి అది కాదు. అక్కడ 1885లోనే హోటళ్ళు, నాటకశాలలు, వినోద స్థలాలలో రంగును బట్టి వివక్ష చూపరాదని చట్టం వచ్చింది. దాన్ని ప్రవేశపెట్టిన జాన్ డబ్ల్యూ. ఇ. థామస్ బానిసగా పుట్టి ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన మొదటి నల్లజాతీయుడు. అంటే వైట్ సిటీ పార్కు పుట్టడానికి 20 ఏళ్ళ ముందే చట్టం ఉంది. అయినా గుమ్మం మూసే ఉంది.

యాజమాన్యం చట్టానికి ఒక దొంగదారి కనిపెట్టింది. "ఇది క్లబ్బు, సభ్యత్వం ఉన్నవారికే ప్రవేశం" అనేవారు. నల్లవారు వస్తే సభ్యత్వ కార్డు అడిగేవారు. తెల్లవారిని ఆ కార్డు అడిగేవారు కాదు.

స్కేటింగ్ లాంటి ఆట దగ్గర ఇంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. రింక్‌లో కుర్రవాళ్ళు, ఆడపిల్లలు చేతులు పట్టుకొని తిరుగుతారు. ఒకరు విప్పిన అద్దె బూట్లు ఇంకొకరు తొడుక్కుంటారు. తాకిడి ఉన్న చోటే వివక్ష ఎక్కువ గట్టిగా కాపలా కాస్తుంది. అందుకే అమెరికాలో ఈత కొలనులు, రింక్‌లు, నాట్యశాలల దగ్గర పోరాటాలు చాలా కష్టంగా నడిచాయి. చెరువు నీళ్ళు, టీ గ్లాసు, గుడి మెట్టు గురించి తెలిసిన మనకు దీన్ని వేరే వివరించనక్కరలేదు.

1942: పరీక్షించి చూసినవారు

1942లో చికాగోలో కొందరు యువకులు, యువతులు కలిసి జాతి సమానత్వ సంఘం ఒకటి పెట్టుకున్నారు. తర్వాత అది కోర్ అనే పేరుతో దేశమంతా ప్రసిద్ధి పొందింది. వారిలో నల్లవారు, తెల్లవారు ఇద్దరూ ఉన్నారు. ముఖ్యులలో ఒకరైన జేమ్స్ ఫార్మర్ వయసు అప్పటికి 22 ఏళ్ళు. డిగ్రీ చేతికొచ్చి, ఇక ఏం చేయాలా అని మనం ఆలోచించే వయసు అది.

వారు శ్రద్ధగా చదివిన పుస్తకాలలో ఒకటి మన దేశస్థుడు రాసినది. దండి యాత్రలో పాల్గొని, తర్వాత అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన కృష్ణలాల్ శ్రీధరాణి 1939లో సత్యాగ్రహ పద్ధతిని వివరిస్తూ ఇంగ్లీషులో ఒక గ్రంథం ప్రచురించాడు. చికాగో యువకులు దాన్ని చదువుకొని తమ పనికి ఒక వరస ఏర్పరచుకున్నారు. ముందు నిజాలు సేకరించాలి. తర్వాత యాజమాన్యంతో మాట్లాడాలి. వినకపోతే ప్రజలకు తెలియజేయాలి. అప్పటికీ మారకపోతే శాంతియుతంగా ప్రత్యక్ష చర్యకు దిగాలి.

వైట్ సిటీ రింక్‌కు కూడా వారు ఈ పద్ధతిలోనే వెళ్ళారు. ఇరవై మందికి పైగా ఉన్న బృందంలో తెల్లవారిని లోపలికి పోనిచ్చారు. నల్లవారు రాగానే సభ్యత్వం మాట ఎత్తారు. లోపలికి వెళ్ళిన తెల్ల మిత్రుల దగ్గర కూడా సభ్యత్వ కార్డు లేదు. క్లబ్బు మాట అబద్ధమని సాక్ష్యంతో సహా తేలిపోయింది.

తేలిపోయిన వెంటనే తలుపు తెరుచుకోలేదు. నిజం మన పక్షాన ఉండటం, పని జరగటం వేరువేరు విషయాలు. ఆ బృందం మాత్రం చెదిరిపోలేదు. 1943లో చికాగోలోనే ఒక కాఫీ హోటల్లో నల్లవారికి వడ్డించకపోతే, వడ్డించేదాకా అందరూ కదలకుండా కూర్చున్నారు. తర్వాతి కాలంలో అమెరికా అంతా పాకిన "సిట్ ఇన్" ఉద్యమానికి తొలి ఉదాహరణలలో అది ఒకటి.

1946: మళ్ళీ గుమ్మం దగ్గరికి

1945లో రెండవ ప్రపంచ యుద్ధం ముగిసింది. నల్ల సైనికులు లక్షల మంది ఇళ్ళకు తిరిగి వచ్చారు. యుద్ధానికి పిలిచినప్పుడు అడ్డురాని రంగు ఆడుకోవడానికి పోతే ఎందుకు అడ్డొస్తుందన్న ప్రశ్న ఇక దాచితే దాగేది కాదు.

1946 జనవరిలో కోర్ సభ్యులు వైట్ సిటీ రింక్ ముందు పికెటింగ్ మొదలుపెట్టారు. చికాగో చలికాలం అంటే నీళ్ళు గడ్డకట్టే చలి. ఆ చలిలో అట్టలు పట్టుకొని వరసగా నడిచారు. నల్లవారు, తెల్లవారు కలిసి నడిచారు. టికెట్టు కొనడానికి వచ్చినవాళ్ళు వారిని దాటుకొని పోవలసి వచ్చింది. చివరికి ఆ ఏడాదే యాజమాన్యం దిగివచ్చింది. నల్లవారికి ప్రవేశం దొరికింది. 1885 చట్టం ఆ గుమ్మం దాకా చేరడానికి 61 ఏళ్ళు పట్టింది.

ఆ రింక్ 1950ల చివరిలో మూతపడింది. దాని కంటే ముందే పాత వినోదాల పార్కు స్థలంలో 1950 నుంచి 1955 వరకు పార్క్‌వే గార్డెన్స్ అనే ఇళ్ళ సముదాయం కట్టారు. అది నల్లజాతి కుటుంబాలు సహకార పద్ధతిలో తామే యజమానులుగా నిర్మించుకున్నది. అమెరికా మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామా భార్య మిషెల్ ఒబామా పసితనంలో కొంతకాలం ఆ ఇళ్ళలోనే ఉన్నారు.

చిన్న ఊరిలో ఇంకా కష్టం

చికాగో మహానగరం. అక్కడ పత్రికలున్నాయి, వకీళ్ళున్నారు, సంఘాలున్నాయి. అదే రాష్ట్రం దక్షిణపు కొసన, ఒహాయో, మిసిసిపీ నదులు కలిసే చోట కైరో అనే చిన్న పట్టణం ఉంది. 1960లో జనాభా 10 వేల లోపు. 1885 చట్టం అక్కడ కూడా చట్టమే. కానీ 1962 వేసవి నాటికి కూడా అక్కడి ఈత కొలనులోకి, స్కేటింగ్ రింక్‌లోకి నల్లవారిని రానివ్వలేదు.

హైస్కూలు విద్యార్థి చార్లెస్ కోయెన్ లాంటి స్థానిక పిల్లలే ముందుండి అక్కడ ఉద్యమం నడిపారు. జాన్ లూయిస్ వంటి విద్యార్థి నాయకులు బయటి నుంచి వచ్చి తోడు నిలిచారు. ఆయన తర్వాత చాలా ఏళ్ళు అమెరికా పార్లమెంటు సభ్యుడిగా పనిచేశారు. కొలను ముందు మోకాళ్ళ మీద కూర్చొని ప్రార్థన చేస్తున్న యువకుల ఫోటోను డానీ లయన్ తీశారు. అది ఈనాటికీ ప్రసిద్ధం. ఆ కొలను గోడ మీద బోర్డు ఏమనేదో ఊహించగలరా? ప్రైవేటు కొలను, సభ్యులకు మాత్రమే! చికాగోలో చెప్పిన సాకే ఇక్కడ కూడా. చివరికి అందరినీ కలిసి ఈదనివ్వడం ఇష్టం లేక ఆ కొలనునే మూసేశారు. తమకు లేకపోయినా సరే, ఎదుటివాడికి ఉండకూడదన్న బుద్ధి ఎంత దూరం పోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

క్లబ్బు ముసుగు తొలగింది

1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన మహా ప్రదర్శన గురించి మన పాఠాలలో చదువుకున్నాం. దానికి లెడ్జర్ స్మిత్ అనే 27 ఏళ్ళ నల్లజాతి యువకుడు చికాగో నుంచి స్కేట్ల మీద వెళ్ళాడు. దాదాపు 1100 కిలోమీటర్ల దూరాన్ని 10 రోజులలో చేరాడు. ఛాతీ మీద "స్వేచ్ఛ" అని రాసిన పట్టీ కట్టుకున్నాడు. దారిలో ఒకడు కారుతో గుద్దబోయినా ఆగలేదు. ఏ ఆటకు గుమ్మాలు మూశారో, ఆ ఆటనే అతడు ఉద్యమ సాధనంగా మార్చుకున్నాడు.

1964 జూలై 2న పౌరహక్కుల చట్టం వచ్చింది. వినోద స్థలాలలో వివక్ష దేశమంతటా నేరుగా నిషిద్ధమైంది. అయినా క్లబ్బు సాకు పోలేదు. ఆర్కన్సా రాష్ట్రంలో ఈత, పడవలు, నృత్యం ఉన్న ఒక విహార స్థలం 25 సెంట్లు తీసుకొని తెల్లవారికి సభ్యత్వం ఇచ్చేది, నల్లవారికి మాత్రం కాదనేది. ఏటా సుమారు లక్ష మంది తెల్లవారు అలా వచ్చిపోయేవారు. 1969లో సుప్రీంకోర్టు ఇది క్లబ్బు కాదు, ముసుగు మాత్రమే అని తేల్చింది. కూర్చొని చూసేవే కాక, మనం పాల్గొని ఆడుకునే చోట్లు కూడా వినోద స్థలాలేనని స్పష్టం చేసింది.

ఆ తర్వాత కూడా చాలా రింక్‌లలో నల్లవారికి వారంలో ఒక్క రాత్రి కేటాయించే అలవాటు కొనసాగింది. ఆ ఒక్క రాత్రినే వారు తమ సంగీతంతో, తమ అడుగులతో గొప్ప కళగా పెంచుకున్నారు.

మన కథలో ఇది ఎక్కడ కలుస్తుంది

1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ చెరువులు, బావులు అస్పృశ్యులకు కూడా తెరవాలని తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. అయినా చౌదార్ చెరువు నీళ్ళు ఎవరూ ముట్టుకోలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళి దోసిలితో నీళ్ళు తాగారు. కాగితం మీది హక్కు చెరువు గట్టు దాకా వచ్చింది అప్పుడే.

వైట్ సిటీ ముందు పికెటింగ్ జరిగిన 1946లోనే అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లవారు ఐక్యరాజ్య సమితికి పెట్టుకున్న మహజరు ప్రతులు పంపమని కోరారు. వారి సమస్యకూ మన సమస్యకూ ఉన్న పోలికను ఆయన గుర్తించారు. తర్వాత మన రాజ్యాంగం 15వ అధికరణం రెండవ క్లాజులో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్లతో పాటు ప్రజా వినోద స్థలాలను కూడా పేరుపెట్టి చేర్చారు. తిండికీ నీళ్ళకే కాదు, ఆటకూ హక్కుంది. తమ్ముళ్ళు ఆ క్లాజు ఒకసారి తీసి చదవాలి.

గుర్తుంచుకోవలసినవి

1. చట్టం ఉండటం మొదటి మెట్టు మాత్రమే. దాన్ని గుమ్మం దాకా తీసుకువెళ్ళేది మనుషులు.
2. వివక్ష తన అసలు పేరు చెప్పుకోదు. క్లబ్బు, సభ్యత్వం, పద్ధతి అని రకరకాల పేర్లు పెట్టుకుంటుంది.
3. కోపం కంటే ముందు సాక్ష్యం కావాలి.
4. ఒకసారి ఫలితం రాకపోతే మళ్ళీ వెళ్ళాలి. 1942లో తెరవని తలుపు 1946లో తెరుచుకుంది.

చివరగా ఒక మనవి

ఈ వ్యాసం రాయడానికి ముందు మేము ఆ స్టేడియానికి మళ్ళీ వెళ్ళాం. ఈసారి కంచె బయట ఆగలేదు. లోపలికి వెళ్ళి కోచ్ గారిని అడిగాం. "ఎవరైనా నేర్చుకోవచ్చు బాబూ, స్కేట్లు మాత్రం మీరే తెచ్చుకోవాలి" అన్నారు. అంతే. ఇన్నేళ్ళూ మేము అడగనే లేదు. వైట్ సిటీ ముందు నిలబడిన వారికి ఎదురైన అడ్డంకి వేరు, మా ముందున్నది వేరు. మాకు అడ్డుపడింది సగం డబ్బు, సగం "మనాట కాదు" అన్న మా మాటే. ఆ మాట మాకు ఎవరు నేర్పారో, ఎన్ని తరాల నుంచి వస్తోందో ఆలోచిస్తే మనసు బరువెక్కుతుంది.

అందుచేత ఉద్యోగాలలో స్థిరపడిన అన్నలకు మా మనవి ఏమిటంటే, వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్‌కు వేర్వేరు సైజులలో ఆరు జతల స్కేట్లు, మోకాలి కవచాలు, హెల్మెట్లు సమకూర్చాలి. మొదటి జతకు మా స్కాలర్‌షిప్‌లోంచి కొంత పక్కన పెడుతున్నాం. తమ్ముళ్ళూ, మీరు చేయవలసినది ఒక్కటే. ఆదివారం స్టడీ అవర్ ముగిశాక గేటు దాటి లోపలికి వెళ్ళి, "మేము కూడా నేర్చుకుంటాం సార్" అని అడగండి.